టోడ్‌స్టూల్ లెదర్ కోరల్ వారం దాటినా తెరుచుకోవట్లేదు, ఏం చేయమంటారు?

ఫ్రిస్కో_చేపలు (టెక్సస్)

అందరికీ నమస్తే. మాది 75 గ్యాలన్ల ట్యాంక్. అందులో అరచెయ్యంత టోడ్‌స్టూల్ లెదర్ (పుట్టగొడుగులా ఉండే మెత్తటి పగడం) ఉంది. ఊళ్ళో రీఫ్ క్లబ్ ఆయన ఒకరు తన ట్యాంక్‌లో పెంచి ఇచ్చారు. ఇన్నాళ్ళూ పొద్దున లైట్ వెలగగానే పాలిప్స్ (పువ్వుల్లాంటి చిన్న నోళ్ళు) అన్నీ బయటికొచ్చి ఊగుతూ ఉండేవి. ఇప్పుడు వారం దాటింది, ఒక్కటీ రాలేదు. టోపీ అంచులు ముడుచుకుపోయాయి. పైన మైనం పూసినట్టు మెరుస్తోంది, అక్కడక్కడా గోధుమరంగు నాచు కూడా పట్టింది.

రీడింగ్స్: స్పెసిఫిక్ గ్రావిటీ 1.025, టెంపరేచర్ 78 ఫారెన్‌హీట్, ఆల్కలినిటీ 8.6 డీకేహెచ్, కాల్షియం 430, నైట్రేట్ 10, ఫాస్ఫేట్ 0.06. చేపలు, మిగతా కోరల్స్ బాగానే ఉన్నాయి.

ఇంట్లోవాళ్ళు "అది పోయింది, వాసన రాకముందే పారెయ్" అంటున్నారు. నాకేమో టెన్షన్‌గా ఉంది. లైట్ తక్కువున్న చోటికి మార్చడం, అయోడిన్ డిప్ (అయోడిన్ కలిపిన నీళ్ళలో కాసేపు ముంచడం), సగం నీళ్ళు మార్చడం, ఈ మూడూ అనుకుంటున్నా. ఏది ముందు చేయాలి?

స్కిమ్మర్_సుబ్బు (ఆస్టిన్)

మూడూ వద్దు. చేతులు జేబులో పెట్టుకోండి.

ఉప్పునీళ్ళు (న్యూజెర్సీ)

సుబ్బు చెప్పిందే నా మాట కూడా. కాకపోతే ఎందుకో చెప్పకపోతే మీరు ఇవాళ రాత్రికే చెయ్యి పెట్టేస్తారు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

మీరు చెప్పిన లక్షణాలన్నీ పొర వదలడానికి ముందు కనిపించేవే. టోడ్‌స్టూల్‌కి, అంటే సార్కోఫైటన్ జాతికి ఇది మామూలు పని. గట్టి కోరల్స్‌లాగా దీనికి రాతి అస్థిపంజరం ఉండదు. మెత్తటి కండ, అందులో స్క్లెరైట్లు అనే సన్నటి సున్నపు ముళ్ళు, అంతే. ఒళ్ళంతా బయటికే కాబట్టి దానిమీద నాచు, బాక్టీరియా, ఇసుక, చేపల రెట్ట అన్నీ పేరుకుంటాయి. వాటిని వదిలించుకోవడానికి పాలిప్స్‌ను లోపలికి లాక్కుని, పైన ఒక జిగురు పొర తయారుచేసి, ఆ చెత్తతో సహా దాన్ని ఊడ్చేసుకుంటుంది. కొన్నిసార్లు మూడు నాలుగు రోజుల్లో అయిపోతుంది, పెద్దవాటికి రెండు వారాలు కూడా పడుతుంది. ఆ పొర మీద నాచు కనిపించడం కూడా మామూలే. చచ్చిన చర్మం మీద పట్టిన నాచది.

ఈ సమయంలో దానికి కావలసింది ఒకటే, నీటి ప్రవాహం. పొర ఊడాలంటే దాన్ని తోసేది ఏదో ఒకటి ఉండాలి. సముద్రంలో ఈ జాతి ఎక్కువగా లోతు తక్కువ ఉన్న రీఫ్ చదునుల్లో, లగూన్లలో పెరుగుతుంది, అక్కడ అలలు ఆ పని చేస్తాయి. మీ వేవ్‌మేకర్ (నీళ్ళు కదిలించే పంపు) ఎటువైపు ఉంది? నేరుగా ఒకే చోట గట్టిగా కొట్టకూడదు. అటూ ఇటూ మారుతూ టోపీ మీదుగా పోవాలి. కొమ్మ ఒకే వైపుకి వంగిపోయి ఉందంటే ఫ్లో ఎక్కువైనట్టు. అసలు కదలిక లేకపోతే తక్కువైనట్టు.

మీ రీడింగ్స్‌లో తప్పు పట్టడానికేమీ లేదు. అయితే ఆ 1.025 దేంతో కొలిచారు? రిఫ్రాక్టోమీటర్ (నీళ్ళలో ఉప్పు కొలిచే పరికరం) అయితే 35 పీపీటీ కాలిబ్రేషన్ ద్రావణంతో సరిచూసుకోండి. ఆర్‌ఓ నీళ్ళతో సున్నాకి పెట్టి ఊరుకుంటే పైన రీడింగ్ తేడా రావచ్చు.

ఫ్రిస్కో_చేపలు

థ్యాంక్స్ అక్కా. రిఫ్రాక్టోమీటర్ ఇవాళే చూస్తాను. వేవ్‌మేకర్ ఎదురుగోడకి ఉంది, మధ్యలో పెద్ద రాయి అడ్డం. రాయి వెనక ఫ్లో దాదాపు లేదనే చెప్పాలి.

పగడపు_పిచ్చి (దుబాయ్)

అందరూ ఏమీ చేయొద్దంటున్నారు గానీ నేను ఒప్పుకోను. లెదర్స్‌కి అయోడిన్ కావాలి. నేను వారం వారం వేస్తాను, నా సైనులేరియా (ఇంకో రకం లెదర్) అద్భుతంగా పెరుగుతోంది. ఫ్రిస్కో గారూ, నాలుగు చుక్కలు లుగోల్స్ (అయోడిన్ ద్రావణం) వేసి చూడండి, నష్టమేముంది?

రీఫ్‌రాజు (మెల్‌బోర్న్)

నష్టమే ఉంది. సముద్రపు నీటిలో అయోడిన్ మొత్తం కలిపినా 0.06 పీపీఎం. అంత సన్నటి మోతాదుని ఇంట్లో కిట్‌తో నమ్మకంగా కొలవడం కష్టం. కొలవలేనిదాన్ని చుక్కల లెక్కన పోయడం ఏం పద్ధతి? నీళ్ళు మార్చినప్పుడల్లా సాల్ట్ మిక్స్‌తో కొంత ఎలాగూ వస్తుంది. మీ సైనులేరియా పెరుగుతున్నది మీ ట్యాంక్ నిలకడగా ఉండటం వల్ల. చుక్కలు ఆపేసి ఆర్నెల్లు చూడండి, అప్పుడూ పెరుగుతుంది.

డిప్ వేరే విషయం. కొత్తగా కొన్న కోరల్‌కి పురుగులు పోవడానికో, తెగిన గాయానికో డిప్ పనికొస్తుంది. పొర వదులుతున్న లెదర్‌ని రాయి మీంచి పీకి డిప్‌లో ముంచితే మళ్ళీ మొదటికొస్తుంది.

పగడపు_పిచ్చి

ఆర్నెల్లు ఆపి చూస్తా సార్, కానీ నా అనుభవం నాది.

స్కిమ్మర్_సుబ్బు

అయోడిన్ గొడవ ప్రతి లెదర్ చర్చలోనూ వస్తుంది. పెళ్ళి భోజనంలో పప్పులాగా.

కొత్త_ట్యాంక్ (సింగపూర్)

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. పొర వదలడం, నిజంగా కుళ్ళిపోవడం, రెండిటికీ తేడా ఎలా తెలుస్తుంది? నా దగ్గర ఫింగర్ లెదర్ ఉంది. నెల రోజులుగా దాని మొదలు దగ్గర ఒక నల్లటి మచ్చ పెరుగుతోంది. పైన వేళ్ళు మాత్రం తెరుచుకునే ఉన్నాయి.

ఉప్పునీళ్ళు

మంచి ప్రశ్న. మీది ఫ్రిస్కో గారి సమస్య కాదు. మీరు ఆగకండి.

పొర వదిలేటప్పుడు కోరల్ మొత్తం ఒకేసారి మూసుకుంటుంది. ముడుచుకున్నా నొక్కితే గట్టిగా, తోలులా ఉంటుంది, రంగు సమానంగా ఉంటుంది. కుళ్ళు అలా కాదు. ఒకచోట మొదలై పాకుతుంది. ఆ భాగం నల్లగానో బూడిదరంగుగానో మారి, ముట్టుకుంటే జావలా ఊడి చేతికొస్తుంది. అన్నిటికంటే నమ్మకమైన పరీక్ష ముక్కు. నీళ్ళలోంచి కాస్త పైకి తీసి వాసన చూడండి. లెదర్స్‌కి మామూలుగానే ఘాటైన వాసన ఉంటుంది, దానికి భయపడొద్దు. కుళ్ళిన గుడ్డు కంపు వేరు, ఒక్కసారి పీలిస్తే మర్చిపోలేరు.

ఫింగర్ లెదర్లు, అంటే సైనులేరియా, మొదలు దగ్గరే ఎక్కువగా కుళ్ళుతాయి. రాయికి అతుక్కున్న చోట గాలాడదు, చెత్త చేరుతుంది. పైగా సైనులేరియా తన స్క్లెరైట్లను మొదలు దగ్గర ఒకదానికొకటి అతికించి రాయిలాంటి ముద్ద కట్టుకుంటుంది, అందుకే కింది భాగం గట్టిగా తగులుతుంది. ఆ గట్టిదనం చూసి బాగుందనుకోకండి, పైనున్న కండ ఎలా ఉందో చూడండి. కొనేటప్పుడు కొమ్మ చుట్టూ దారం బిగించి కట్టి ఉంటే అక్కడ కూడా చూసుకోండి.

మచ్చ పాకుతోందంటే కోసెయ్యాల్సిందే. కుళ్ళుకి పైన, ఆరోగ్యంగా ఉన్న కండ అరంగుళం వదిలేసి, దానిమీద కోయండి. కోసిన చోట లోపల తెల్లగానో లేతరంగుగానో ఉండాలి. ఇంకా గోధుమరంగు గీత కనిపిస్తే మరికాస్త పైకి.

కొత్త_ట్యాంక్

కోయాలంటే చెయ్యి వణుకుతోంది మేడమ్. కోశాక ముక్కని రాయికి జిగురుతో అంటించొచ్చా?

రీఫ్‌రాజు

జిగురు పనిచేయదు. గట్టి కోరల్‌కి సూపర్‌గ్లూ జెల్ బ్రహ్మాండం, లెదర్‌కి మాత్రం తెల్లారేసరికి ముక్క ఎక్కడో పవర్‌హెడ్ (నీళ్ళ పంపు) దగ్గర తేలుతూ ఉంటుంది. కోసినప్పుడు వచ్చే జిగట వల్ల గ్లూ నిలవదు.

నేను చేసే పద్ధతి చెప్తాను. పని ట్యాంక్‌లో కాదు, బయట. ట్యాంక్ నీళ్ళు రెండు చిన్న గిన్నెల్లో తీసుకోండి. కొత్త బ్లేడు కావాలి, ఒక్క కోతలో తెగాలి, రంపంలా అటూ ఇటూ లాగొద్దు. చేతికి గ్లోవ్స్, కంటికి అద్దాలు. పాలీథోవా జాతి కోరల్స్‌లో పాలీటాక్సిన్ అనే చాలా ప్రమాదకరమైన విషం ఉంటుంది, లెదర్స్‌ది అది కాదు. కానీ ఈ రసం కూడా కంట్లో పడటం మంచిది కాదు, అలవాటుగా వేసుకోండి. తెగిన ముక్కని మొదటి గిన్నెలో కడిగి జిగట పోగొట్టండి, రెండోదాంట్లో కాసేపు ఉంచండి.

తర్వాత ముక్కని చిన్న రాయి మీద పెట్టి, పైన దోమతెరలాంటి పలచటి వల కప్పి రబ్బరుబ్యాండ్ వేయండి. బిగించకండి, రబ్బరు కండలోకి దిగితే అక్కడే మళ్ళీ తెగుతుంది. రాళ్ళముక్కలు ఉన్న చిన్న డబ్బాలో, ఫ్లో తక్కువున్న చోట పెడితే వల కూడా అక్కర్లేదు, రెండు మూడు వారాల్లో ఏదో ఒక రాయిని పట్టుకుంటుంది. ప్లాస్టిక్ డబ్బా మూత ఒకటి సగం కప్పితే చాలు, కొట్టుకుపోదు.

చెయ్యి వణకడానికి కారణం లేదు. టోడ్‌స్టూల్‌కి టోపీ మొత్తం కోసేసినా మిగిలిన మొండెం నుంచి కొత్త టోపీ వస్తుంది. లెదర్స్ అంత మొండివి.

స్కిమ్మర్_సుబ్బు

ఆ రోజు స్కిమ్మర్ (నురగతో నీళ్ళలోని మురికి లాగే పరికరం) కప్పు మీద కన్నేసి ఉంచండి. కోసిన లెదర్ మళ్ళీ ట్యాంక్‌లోకి వెళ్ళాక నురగ పొంగి కార్పెట్ మీదికొచ్చింది మా ఇంట్లో. నీళ్ళలోని రసాయనాలు పీల్చే కార్బన్ కూడా కొత్తది వేయండి.

కృష్ణాతీరం (హైదరాబాద్)

కార్బన్ సంగతి అందరూ అంటారు, ఎందుకో ఎవరూ చెప్పరు. లెదర్స్ విషం వదులుతాయనేది నిజమా, లేక షాపువాళ్ళు కార్బన్ అమ్ముకోవడానికి చెప్పే మాటా?

రీఫ్‌రాజు

నిజమే. ఈ జాతులు టెర్పీన్లు అనే రసాయనాలు తయారుచేస్తాయి. చేపలు కొరక్కుండా కాపాడుకోవడానికి, పక్కన ఇంకో కోరల్ పెరగకుండా చూసుకోవడానికి. సార్కోఫైటన్ నుంచి తీసిన సార్కోఫైన్ అనే పదార్థం మీద ఎర్ర సముద్రం దగ్గర 1970ల్లోనే పని జరిగింది. గ్రేట్ బారియర్ రీఫ్‌లో సమ్మార్కో, కోల్ బృందం లెదర్స్‌నీ గట్టి కోరల్స్‌నీ పక్కపక్కన పెట్టి చూసి 1983లో ఒక పేపర్ రాశారు. కొన్నిచోట్ల ఒకదాన్నొకటి తాకకపోయినా గట్టి కోరల్ దెబ్బతింది. సముద్రంలో అన్ని నీళ్ళుంటేనే అలా జరిగితే, 75 గ్యాలన్లలో అదే నీరు మళ్ళీ మళ్ళీ తిరుగుతుంటుంది కదా.

నా ట్యాంక్‌లో అక్రోపోరా లాంటి గట్టి కోరల్స్ ఎక్కువ. అందుకే లెదర్ ఒక్కటి కూడా పెట్టను. రెండూ కలిపి పెట్టేవాళ్ళు ఏడాదికో రెండేళ్ళకో ఎస్‌పీఎస్ (చిన్న పాలిప్స్ ఉన్న గట్టి కోరల్స్) రంగు పోయింది, ఎదగట్లేదు అని ఇక్కడికే వస్తారు.

ఉప్పునీళ్ళు

ఇక్కడ రాజు గారితో నాకు ఎప్పుడూ పేచీనే. మా ఇంట్లో పెద్ద టోడ్‌స్టూల్, దాదాపు అడుగున్నర వెడల్పు. అదే నీళ్ళలో అక్రోపోరా, మాంటిపోరా ఉన్నాయి, రంగు పోలేదు. మూడు వారాలకోసారి కార్బన్ మారుస్తాను, స్కిమ్మర్ ఎప్పుడూ నడుస్తుంది, నీళ్ళు క్రమం తప్పకుండా మారుస్తాను. రసాయనం ఉంది, కాదనను. అది పేరుకుపోకుండా చూడటం మన చేతుల్లో ఉంది. నానో (బాగా చిన్న) ట్యాంకుల్లో మాత్రం ఈ ప్రయోగం చేయకండి, అక్కడ రాజు గారి మాటే కరెక్ట్.

రసాయనం కంటే నేను ఎక్కువ చూసిన గొడవ నీడ. చిన్న ముక్కగా ఉన్నప్పుడు బాగుందని రాయి పైన పెడతాం. గొడుగులా పెరిగి కిందున్నవాటికి వెలుతురు లేకుండా చేస్తుంది. అంచులు తాకినా పక్క కోరల్ కాలినట్టవుతుంది. ఇటువైపు టార్చ్, హ్యామర్ లాంటి కోరల్స్ పెడితే అవి రాత్రిపూట పొడుగాటి టెంటకిల్స్ చాచి లెదర్‌నే కుడతాయి. చుట్టూ కనీసం జానెడు ఖాళీ వదలండి, పెరిగాక కూడా జానెడు మిగిలేలా.

రీఫ్‌రాజు

మీ దగ్గర అంత పెద్ద సంప్ (కింద ఉండే ఫిల్టర్ ట్యాంక్), అంత స్కిమ్మర్ ఉన్నాయి కాబట్టి చెల్లుతోంది. కొత్తవాళ్ళు "అక్క పెట్టింది కదా" అని 20 గ్యాలన్లలో పెడతారు, నా బాధ అదీ.

కృష్ణాతీరం

వివరంగా చెప్పినందుకు థ్యాంక్స్. ఇక్కడ ఒకరు లెదర్ ముక్క ఇస్తామంటున్నారు, లైవ్ రాక్‌తో సహా. తీసుకోవచ్చా? చిల్లర్ ఉంది, ఏప్రిల్, మే నెలల్లో కూడా 26 డిగ్రీలు దాటనివ్వను. వెలుతురు ఎంత ఇవ్వాలి?

ఉప్పునీళ్ళు

వెలుతురుకైతే, పార్ (కోరల్స్‌కి పనికొచ్చే వెలుతురు కొలత) 75 నుంచి 200 మధ్యలో ఎక్కడైనా సరే, లెదర్స్ సర్దుకుంటాయి. తక్కువతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచాలి. లేత పసుపు ఫిజీ టోడ్‌స్టూల్ ఒక్కటే కాస్త గారాలు పోతుంది, దానికి ఎక్కువ వెలుతురు, నిలకడైన నీళ్ళు కావాలి. మొదటి లెదర్‌గా దాన్ని కొనొద్దు.

తీసుకోవడం గురించి ఇండియాలో ఉన్నవాళ్ళు చెప్తే బాగుంటుంది.

బీచ్‌రోడ్_బాబాయ్ (విశాఖపట్నం)

నేను చెప్తాను. బాబూ, లైవ్ రాక్ మాట వినగానే ఆగు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్‌లోకి 2001లో పగడాలను చేర్చారు. రీఫ్ కట్టే గట్టి కోరల్స్ అన్నీ, నల్ల పగడం, ఆర్గాన్ పైప్, ఫైర్ కోరల్, సీ ఫ్యాన్లు అందులో ఉన్నాయి. పులికి ఏ షెడ్యూలో వాటికీ అదే. ఎండిపోయిన ముక్క అయినా అంతే. నువ్వనే లైవ్ రాక్ చాలావరకు పాత గట్టి కోరల్ అస్థిపంజరమే కదా. లెదర్ పేరు ఆ పాత జాబితాలో లేదని షాపులో నిన్ను ఒప్పిస్తారు. అయితే అది సముద్రంలో ఏ రాయి మీంచి పీకారో, ఆ రాయి ఏమిటో వాళ్ళెవరూ కాగితం ఇవ్వరు.

కాగితం లేనిది ఇంట్లో పెట్టుకోకు. సిరామిక్ రాయి మీద క్లౌన్, గోబీ చేపలు పెంచు, అదీ అందమే. కోరల్ పెంచడం అమెరికా, సింగపూర్ వాళ్ళ సరదాగా చూసి ఆనందించు.

కృష్ణాతీరం

అర్థమైంది బాబాయ్. వద్దని చెప్పేశాను. సిరామిక్ రాక్ ఎక్కడ దొరుకుతుందో మీకు మెసేజ్ పెడతాను.

స్కిమ్మర్_సుబ్బు

ఇక్కడివాళ్ళకి కూడా ఒక మాట. సముద్రంలోంచి తీసిన కోరల్ కంటే ట్యాంక్‌లో పెంచిన ముక్క కొనండి. ధర తక్కువ, పురుగులు తక్కువ, మన నీళ్ళకి అలవాటుపడి ఉంటుంది. 2018లో ఇండోనేషియా ఎగుమతులు ఆగినప్పుడు మా క్లబ్‌లో లెదర్ ముక్కలు ఇచ్చిపుచ్చుకుంటూనే గడిపాం, ఎవరికీ లోటు రాలేదు.

కొత్తది వచ్చాక మాత్రం కింద తిప్పి చూడండి. లెదర్ తినే నూడిబ్రాంక్‌లు (గుల్ల లేని సముద్రపు నత్తలు) ఉంటాయి, ట్రైటోనియాప్సిస్ అంటారు. అచ్చం లెదర్ రంగులోనే ఉండి మడతల్లో దాక్కుంటాయి. పగలు కనిపించవు, రాత్రి టార్చ్ వేసి చూడాలి. రోజూ కాస్త కాస్త కండ తగ్గుతూ గాట్లు పడుతుంటే వాటిని అనుమానించండి. పొర వదలడం వల్ల గాట్లు పడవు.

ఇంకో విషయం, 2021 ఫిబ్రవరి మంచు తుఫానులో టెక్సస్ అంతా కరెంటు పోయింది కదా. మా ట్యాంక్ టెంపరేచర్ బాగా పడిపోయింది, బ్యాటరీ ఎయిర్ పంప్ ఒక్కటే నడిచింది. అక్రోపోరా ఒక్కటీ మిగల్లేదు. టోడ్‌స్టూల్ ముడుచుకుని నెలకి పైగా అలాగే ఉండి మళ్ళీ తెరుచుకుంది. ఫ్రిస్కో గారూ, మీది ఇంకా వారమే.

ఫ్రిస్కో_చేపలు

అప్‌డేట్ పెడుతున్నా. రిఫ్రాక్టోమీటర్ సరిగ్గానే ఉంది. కోరల్‌ని కదపలేదు, వేవ్‌మేకర్‌నే పక్కగోడకి మార్చాను, ఇప్పుడు టోపీ మీదుగా నీళ్ళు మెల్లగా పోతున్నాయి. కార్బన్ వేశాను. నిన్న సాయంత్రం నుంచి పైన పొర చిరిగి పాలిథిన్ కవర్ ముక్కలాగా ఊగుతోంది. చూస్తుంటే భయమేస్తోంది, బాగానే జరుగుతోందని మాత్రం అర్థమైంది. లాగెయ్యనా?

ఉప్పునీళ్ళు

లాగొద్దు. వదులైనదైతే టర్కీ బేస్టర్‌తో (రబ్బరు బుడ్డి ఉన్న గొట్టం) దూరం నుంచి నీళ్ళు కొట్టండి, దానంతటదే వస్తుంది. అతుక్కుని ఉన్నచోట బలవంతం చేస్తే కింది లేత కండ చిరుగుతుంది. ఊడిన ముక్కలు వేవ్‌మేకర్‌లో ఇరుక్కోకుండా వలతో తీసెయ్యండి.

కొత్త_ట్యాంక్

నేను కోసేశాను! కుళ్ళిన భాగం కంపు గురించి మేడమ్ చెప్పింది నిజం, బాల్కనీలోకి వెళ్ళి చేయాల్సి వచ్చింది. లోపల తెల్లగా ఉంది. మూడు వేళ్ళు విడిగా రాళ్ళముక్కల డబ్బాలో పెట్టాను. మొండెం ట్యాంక్‌లోనే ఉంచాను, నల్లమచ్చ పూర్తిగా పోయింది.

రీఫ్‌రాజు

మూడింట్లో ఒకటి పోయినా కంగారుపడకండి. డబ్బాని రోజూ కదిపి చూడొద్దు.

ఫ్రిస్కో_చేపలు

పొర మొత్తం పోయింది. కింద రంగు ఇంతకుముందు కంటే లేతగా, శుభ్రంగా ఉంది. పాలిప్స్ అంచుల దగ్గర బయటికొచ్చాయి, మధ్యలో ఇంకా లేదు. ఇంట్లోవాళ్ళకి చూపించాను, "అయితే ఉంచు" అన్నారు.

కొత్త సమస్య ఏంటంటే, క్లౌన్ జంట ఇప్పుడు దాంట్లో దూరి పొర్లుతున్నాయి. అవి రాగానే పాలిప్స్ లోపలికి పోతున్నాయి. క్లౌన్లు మామూలుగా కాపురముండే ఆనిమోన్ లేదు కాబట్టి దీన్నే ఇల్లు చేసుకున్నట్టున్నాయి. వదిలెయ్యాలా?

స్కిమ్మర్_సుబ్బు

పెద్ద టోడ్‌స్టూల్ అయితే వదిలెయ్యమనేవాణ్ణి. క్లౌన్లు లెదర్‌లో కాపురం పెట్టడం చాలా ట్యాంకుల్లో చూశాం, పెద్దదానికి అలవాటైపోతుంది. మీది అరచెయ్యంతే, పైగా ఇప్పుడే పొర వదిలింది. ఎగ్‌క్రేట్ (గళ్ళ ప్లాస్టిక్ జాలి) ముక్కలు నాలుగు జిప్‌టైలతో పెట్టెలా కట్టి దానిమీద బోర్లించండి. వెలుతురు, నీళ్ళు పోతాయి, చేపలు దూరవు. అంచులు గీరుకోకుండా చుట్టూ రెండంగుళాలు ఖాళీ ఉంచండి.

ఉప్పునీళ్ళు

మధ్య పాలిప్స్ కూడా పూర్తిగా వచ్చాక ఒక వారం చూసి తీసెయ్యొచ్చు. ఎగ్‌క్రేట్ మీద నాచు పట్టి వెలుతురు తగ్గుతుంది, మధ్యలో ఒకసారి కడగండి.